వెళ్లేటప్పుడు పరీక్ష, వచ్చేటప్పుడు మౌనం

వలస కార్మికుడి దేహం మీద రాజ్యానికి అత్యంత శ్రద్ధ కలిగేది అతను విమానం ఎక్కబోయే ముందు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రక్తం, మూత్రం పరీక్షిస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, క్షయ, కుష్ఠు ఉన్నాయేమో చూస్తారు. మూత్రపిండాలు, కాలేయం సరిగా పనిచేస్తున్నాయా, మధుమేహం, రక్తపోటు ఏ స్థాయిలో ఉన్నాయి అని నమోదు చేస్తారు. స్త్రీ అయితే గర్భపరీక్ష కూడా చేస్తారు. ఇన్ని పరీక్షల చివర మిగిలేది ఒక్క మాట: ఫిట్, లేదా అన్‌ఫిట్. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఈ తతంగమంతటికీ ఉన్న పేరు 'మెడికల్'. మెడికల్ అయిందని తెలిశాక ఇంట్లో అప్పు పత్రం మీద సంతకం పడుతుంది, ఏజెంటుకు మిగతా డబ్బు ముడుతుంది. పరీక్ష ఖర్చు సాధారణంగా ఆ మనిషిదే.

అదే మనిషి పదేళ్లకో పదిహేనేళ్లకో తిరిగివస్తాడు. శంషాబాద్ విమానాశ్రయంలో అతని పాస్‌పోర్టు మీద ముద్ర పడుతుంది, సామాను ఎక్స్‌రే యంత్రంలోంచి సాగిపోతుంది. అతని ఊపిరితిత్తులకు మాత్రం ఈసారి ఎక్స్‌రే ఉండదు. ఎండలో గడిచిన ఏళ్లు గుండెను, మూత్రపిండాలను ఏం చేశాయో అడిగే బాధ్యత ఏ శాఖకూ లేదు. వెళ్లే ఆరోగ్యానికి లెక్క ఉంది, వచ్చే అనారోగ్యానికి లెక్క లేదు. దక్షిణాసియా నుంచి గల్ఫ్‌కు సాగుతున్న వలసలో ప్రజారోగ్య విధానం అని చెప్పదగినది ఏదైనా ఉంటే, దాని స్వరూపం ఇదే.

ఈ ఏర్పాటు నిన్నమొన్న పుట్టింది కాదు. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నటాల్‌కు ఒప్పంద కూలీలను ఓడలెక్కించిన కాలంలో కలకత్తా, మద్రాసు రేవుల డిపోలలో వైద్యులు మనుషులను వరుసలో నిలబెట్టి పనికొచ్చే దేహాలను ఏరేవారు. సిలోన్ తోటలకు వెళ్లే కూలీలను రామనాథపురం తీరంలోని మండపం శిబిరంలో వైద్య పరిశీలనలో ఉంచి, ప్లేగు, కలరా, మశూచి లేవని నిర్ధారించుకున్నాకే సముద్రం దాటించేవారు. తోట యజమానికి కావలసింది రోగం లేని చేతులు. ఆ చేతులు అరిగిపోయాక ఏమవుతాయన్నది వలస పాలన పట్టించుకున్న ప్రశ్న కాదు. నాటి చట్టాలలోని 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే పదవి 1983 నాటి భారత వలసల చట్టంలోనూ అదే పేరుతో కొనసాగింది. పేరుతో పాటు దృష్టి కూడా కొనసాగింది. రక్షణ అంటే దాటించే వరకే అన్న అవగాహన స్వతంత్ర దేశపు దస్త్రాల్లోనూ స్థిరపడింది.

ప్రవేశ ద్వారం దగ్గర పరీక్ష పెట్టడం తప్పు అనలేం. సాంక్రమిక వ్యాధి నుంచి తన జనాన్ని కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. అయితే గల్ఫ్ సహకార మండలి దేశాలు ఆరూ కలిసి రూపొందించుకున్న నిబంధనలు ఆ అవసరాన్ని దాటి చాలా దూరం వెళ్లాయి. ఎప్పుడో సోకి, పూర్తిగా నయమై, ఊపిరితిత్తి మీద మచ్చగా మాత్రమే మిగిలిన క్షయను కూడా ఆ నిబంధనలు అనర్హతగా లెక్కగట్టాయి. ఆ మచ్చ ఎవరికీ అంటుకోదు. ప్రపంచ క్షయ రోగులలో నాలుగోవంతుకు పైగా ఉన్న దేశం నుంచి వెళ్లే కూలీలలో అలాంటి మచ్చలు ఉండటం ఆశ్చర్యమూ కాదు. మధుమేహం, రక్తపోటు అంటువ్యాధులు కావు. గర్భం అసలు వ్యాధే కాదు. జాబితాలో ఇవన్నీ ఉన్నాయంటే ఆ పరీక్ష కాపాడుతున్నది ప్రజల ఆరోగ్యాన్ని మాత్రమే కాదని అర్థం. యజమానికి రాబోయే ఖర్చును కూడా అది ముందే కత్తిరిస్తోంది.

ఇంకో దారి లేదా అంటే ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారు అడుగుపెట్టకూడదని 1987లో నిషేధం విధించిన అమెరికా 2010 జనవరిలో దానిని ఎత్తివేసింది. అలాంటి ఆంక్షలు వ్యాధిని ఆపవని, మనుషులను పరీక్షకు దూరంగా దాక్కునేలా మాత్రమే చేస్తాయని వైద్యశాస్త్రం అప్పటికే తేల్చింది. దేశంలో అప్పటికే ఉంటూ వీసా పునరుద్ధరణకు వచ్చిన వారిలో క్షయ జాడలు కనిపిస్తే చికిత్స ఇచ్చి, షరతులతో కొనసాగనిచ్చే వెసులుబాటును 2016లో యూఏఈ కూడా కల్పించింది. రోగిని పంపించేయకుండా రోగానికి వైద్యం చేయడం గల్ఫ్‌లోనూ సాధ్యమేనని ఆ నిర్ణయం చెబుతుంది. అయినా కొత్తగా బయలుదేరే కూలీ విషయంలో 'అన్‌ఫిట్' అన్న ముద్రే నేటికీ ఆఖరి తీర్పు.

ఆ ముద్ర పడిన మనిషిని మన వ్యవస్థ ఎలా చూస్తోందన్నది మరింత బాధాకరమైన ప్రశ్న. ఈ పరీక్షా కేంద్రాలు ఉన్నవి హైదరాబాద్, ముంబై, చెన్నై, కొచ్చి వంటి భారతీయ నగరాల్లోనే. క్షయ రోగిని గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ప్రైవేటు వైద్యానికీ వర్తిస్తోంది. నిక్షయ్ పేరిట రోగుల నమోదు ఉంది, మందులు ఉచితం, పోషకాహారానికి నెలనెలా నగదు సాయం కూడా ఉంది. ఇంత యంత్రాంగం ఉన్న దేశంలో, వలస కోసం చేసిన పరీక్షలో బయటపడిన హెపటైటిస్‌కో రక్తపోటుకో చికిత్స మొదలుకావాలంటే ఆ మనిషే చొరవ తీసుకోవాలి. అతనికేమో అది రోగ నిర్ధారణగా కాక అప్పుల నిర్ధారణగా కనిపిస్తుంది. అతను వైద్యుడి దగ్గరకు పోడు. మరో కేంద్రంలో, మరో ఏజెంటు ద్వారా 'ఫిట్' తెప్పించుకునే దారి వెతుకుతాడు. ఒక ప్రజారోగ్య అవకాశం దళారి చేతిలో బేరంగా మారడం ఇలాగే.

ఇక ద్వారం దాటి లోపలికి వెళ్లిన వారి సంగతి. జల్లెడ పట్టి ఏరుకున్న దేహాలు కనుక వీరు వెళ్లేనాటికి తమ వయసు వారి సగటు కంటే ఆరోగ్యవంతులు. ఇలా ఏరి తెచ్చిన జనంలో అకాల మరణాలు తక్కువగా ఉండాలి. మరి విదేశాంగ శాఖ 2019 నవంబరులో పార్లమెంటుకు ఇచ్చిన వివరాల ప్రకారం, 2014 నుంచి అప్పటి వరకు ఆరు గల్ఫ్ దేశాల్లో దాదాపు 34 వేల మంది భారతీయ కార్మికులు మరణించారు. దక్షిణ, ఆగ్నేయాసియా నుంచి వెళ్లిన కార్మికులలో ఏటా 10 వేల మంది వరకు గల్ఫ్‌లో చనిపోతున్నారని, వాటిలో సగానికి పైగా మరణాలకు సరైన కారణం నమోదు కావడం లేదని 'వైటల్ సైన్స్' ప్రాజెక్టు 2022లో వెలువరించిన నివేదిక పేర్కొంది. మరణ ధ్రువపత్రంలో కనిపించేవి రెండే మాటలు: 'సహజ కారణాలు' లేదా 'గుండె ఆగిపోవడం'. గుండె ఆగని మరణం ఎక్కడైనా ఉంటుందా? అది ఎందుకు ఆగిందన్నదే కదా ప్రశ్న!

ఆ ప్రశ్నకు సమాధానం వెతికిన వారు లేకపోలేదు. ఖతర్‌లో పనిచేసిన నేపాలీ కార్మికుల మరణాలను అక్కడి ఉష్ణోగ్రతలతో పోల్చి చూసిన ఒక అధ్యయనం 2019లో 'కార్డియాలజీ' అనే వైద్యపత్రికలో వచ్చింది. 2009-2017 మధ్య గుండె, రక్తనాళాల జబ్బుల ఖాతాలో పడిన 571 మరణాలలో దాదాపు 200 వరకు, ఎండదెబ్బ నుంచి సరైన రక్షణ ఉంటే నివారించగలిగేవేనని ఆ పరిశోధకులు అంచనా వేశారు. ఖతర్ ప్రభుత్వం 2021లో వేసవి పని నిబంధనలను సవరించింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పనిని నిషేధించింది. వేడినీ తేమనూ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలని ఆదేశించింది. ఈ సవరణ మంచిదే. దానితో పాటు అంతకుముందు ఏళ్లలో 'సహజంగా' ఆగిన గుండెలలో కొన్నింటికి ఎండ కూడా కారణమై ఉండవచ్చునన్న అనుమానాన్ని అది బలపరుస్తోంది.

'సహజం' అన్న ఆ ఒక్క మాట విలువ ఎంతో తెలియాలంటే మన ప్రవాసీ భారతీయ బీమా యోజన పత్రాన్ని చదవాలి. 2003లో మొదలై, 2017లో సవరణ పొందిన ఈ పథకంలో రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా ఉంది. ఆ 10 లక్షలు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా వర్తిస్తాయి. సహజ మరణానికి వర్తించవు. పైకప్పు మీది నుంచి జారిపడిన మనిషి కుటుంబానికి హక్కుంది. అదే పైకప్పు మీద ఎండలో పనిచేసి, రాత్రి క్యాంపులో పడుకుని మళ్లీ లేవని మనిషి కుటుంబానికి లేదు. శవపరీక్ష జరగకుండా రాసిన ఒక్క పదంతో యజమాని పరిహారం నుంచి బయటపడతాడు, బీమా సంస్థ చెల్లింపు నుంచి బయటపడుతుంది, రెండు ప్రభుత్వాలూ జవాబుదారీ నుంచి బయటపడతాయి. మిగిలేది శవపేటిక, దాని వెనక అప్పు. పైగా ఈ బీమా తప్పనిసరి అయినది వలస అనుమతి అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టుదారులకే. పదో తరగతి పాసైన వారు ఆ పరిధిలోకి రారు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో కుదిరిన వారు ఎవరి లెక్కలోకీ రారు.

బతికి తిరిగొచ్చిన వారి కథ మరోలా ఉంటుంది. గల్ఫ్ నుంచి, మలేషియా నుంచి వచ్చిన యువకులు డయాలసిస్ కోసం, కిడ్నీ మార్పిడి కోసం వరుస కడుతున్నారని కాఠ్మాండూ వైద్యులు కొన్నేళ్లుగా చెబుతున్నారు. ఎండలో గంటల తరబడి శ్రమ, తగినంత నీరు తాగే వీలు లేకపోవడం, ఒళ్లు నొప్పులకు విచ్చలవిడిగా మింగిన మాత్రలు కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయన్నది వైద్యులకు తెలిసిన విషయమే. తెలుగు నేల మీద ఈ ప్రశ్న మరింత చిక్కనిది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఇళ్లకు ఇళ్లను ఖాళీ చేస్తోంది. దానికి ఇదీ కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ జిల్లా నుంచే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్‌కూ ఇతర రాష్ట్రాలకూ వలస పోతారు. రోగి ఎక్కడ, ఏ ఎండలో, ఎన్నేళ్లు పనిచేశాడో అతని ఆరోగ్య నమోదులో లేకపోతే ఊరి నీటి పాపం ఎంతో, పరాయి ఎండ పాపం ఎంతో ఏ పరిశోధకుడు విడదీయగలడు? వలస చరిత్ర లేని వైద్య చరిత్ర సగం చరిత్రే.

ఈ భారమంతా చివరికి ఎవరి మీద పడుతోంది? గల్ఫ్‌లో కార్మికుడికి ఇచ్చే ఆరోగ్య బీమా వీసాతో ముడిపడి ఉంటుంది. వీసా ముగిసిన రోజున బీమా ముగుస్తుంది, వీసా ఉండగా మొదలైన జబ్బు మాత్రం ముగియదు. 2025 జనవరి నుంచి యూఏఈ తన అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు ఉద్యోగులకు, ఇంటిపని వారికి ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసింది. అది స్వాగతించదగినదే. కానీ కఫీల్‌ను వదిలి పారిపోయి, అకామా లేక 'ఖల్లివెల్లి'గా మిగిలిన వాడికి ఆ తలుపు తెరుచుకోదు. ఆసుపత్రికి పోతే పట్టుబడతానన్న భయంతో రోగాన్ని దాచుకుంటాడు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలకైతే నాలుగు గోడలు దాటి వైద్యుణ్ని చూడటమే యజమానురాలి దయ. ఆ దేశాల ఆసుపత్రులను నడిపిస్తున్న నర్సులలో ఎక్కువ మంది కేరళ నుంచో ఫిలిప్పీన్స్ నుంచో వెళ్లిన వలసజీవులే కావడం ఇందులోని విషాదం. చివరికి చెరుకు పిప్పిలా మిగిలిన మనిషి ఊరు చేరాక, అతని వైద్య ఖర్చును మోసేది ఆరోగ్యశ్రీ, జిల్లా ఆసుపత్రి, ఇంటి పుస్తెలతాడు.

రిజర్వు బ్యాంకు లెక్కల ప్రకారం 2023-24లో దేశానికి ప్రవాసులు పంపిన డబ్బులో దాదాపు 38 శాతం గల్ఫ్ దేశాల నుంచే వచ్చింది. ఆ లెక్కను శాతాలలో, దశాంశాలలో కూడా చెప్పగలుగుతున్నాం. ఆ డబ్బును సంపాదించిన దేహాలు ఏ స్థితిలో తిరిగొచ్చాయో చెప్పే పట్టిక ఒక్కటీ లేదు.

ద్వారం దగ్గర జల్లెడ పట్టడమే ప్రజారోగ్యం అన్న నమ్మకాన్ని కోవిడ్ ఎంత తేలిగ్గా కూల్చిందో అప్పుడే మరిచిపోయాం. సింగపూర్‌లోకి అడుగుపెట్టే ప్రతి కార్మికుడికీ వైద్యపరీక్ష ఉంది. అయినా 2020 ముగిసేసరికి అక్కడి డార్మిటరీలలో ఉన్న మూడు లక్షల పైచిలుకు వలస కార్మికులలో 47 శాతం మందికి వైరస్ సోకినట్టు ఆ ప్రభుత్వమే ప్రకటించింది. వ్యాధిని తెచ్చింది కార్మికుడి పుట్టుక కాదు, ఒకే గదిలో అంచెలంచెలుగా వేసిన మంచాలు. వచ్చే మనిషిని పరీక్షించినంత శ్రద్ధగా అతను ఉండబోయే గదిని పరీక్షించి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు.

మన పొరుగునే మరో నమూనా ఉంది. శ్రీలంకలో స్థానికంగా సోకిన చివరి మలేరియా కేసు 2012లో నమోదైంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా రహితంగా ప్రకటించింది. దోమలు అక్కడ ఇంకా ఉన్నాయి. వ్యాధిని మళ్లీ రానివ్వకుండా ఆపుతున్నది, విదేశాల నుంచి తిరిగొచ్చే సైనికులు, కార్మికులు, యాత్రికులలో జ్వరాన్ని వెంటనే పసిగట్టి ఉచితంగా వైద్యం చేసే నిఘా. అదే దేశం 2013లో జాతీయ వలస ఆరోగ్య విధానాన్ని ప్రకటించింది. వెళ్లేవారు, వచ్చేవారు, దేశం లోపల తిరిగేవారు, ఇంటి దగ్గర మిగిలిపోయిన పిల్లాజెల్లా అందరూ ఆ విధానంలో ఉన్నారు. ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయిన చిన్న దేశమని మనం జాలిపడే శ్రీలంక ఈ ఒక్క విషయంలో మనకంటే ముందుంది.

భారత్ గట్టిగా మాట్లాడితే గల్ఫ్ యజమానులు బంగ్లాదేశ్‌కో నేపాల్‌కో ఆఫ్రికాకో మళ్లుతారన్న భయం ఢిల్లీలో చాలాకాలంగా ఉంది. అది పూర్తిగా నిరాధారమూ కాదు. ఆ భయానికి విరుగుడు పంపే దేశాలు కలిసి మాట్లాడటమే. అందుకోసం 2003లోనే ఏర్పడిన కొలంబో ప్రాసెస్ ఉంది. 2024లో దాని అధ్యక్ష స్థానం భారత్‌కు దక్కింది. మరణానికి కారణం స్పష్టంగా నమోదు కావాలని, అనుమానం ఉంటే శవపరీక్ష జరగాలని, నయమైన క్షయ మచ్చను అనర్హతగా చూడరాదని ఆ దేశాలు ఒక్క గొంతుతో అడిగితే కాదనడం గల్ఫ్‌కు కూడా అంత సులువు కాదు.

ఎవరి అనుమతీ అక్కరలేని పనులు మరికొన్ని ఉన్నాయి. 'అన్‌ఫిట్' అయిన ప్రతి మనిషినీ అదే రోజున, అతని వివరాల గోప్యతను కాపాడుతూ, ప్రభుత్వ వైద్యానికి అనుసంధానం చేయవచ్చు. తిరిగొచ్చిన వారికి సొంత జిల్లా ఆసుపత్రిలో, ఇష్టపూర్వకంగా, ఉచితంగా ఒక సమగ్ర పరీక్ష ఏర్పాటు చేయవచ్చు. దానిని నిర్బంధం చేస్తే అది మరో జల్లెడ అవుతుంది, తిరిగొచ్చిన వాడిని ఊరే అనుమానంగా చూస్తుంది. బీమాను సహజ మరణానికీ, తిరిగొచ్చాక బయటపడిన వృత్తి సంబంధ జబ్బులకూ విస్తరించవచ్చు. వందల రూపాయల ప్రీమియం కాస్త పెరిగినా లక్షల అప్పు చేసి వెళ్లేవాడికి అది భారం కాదు. వలసల చట్టాన్ని మార్చే ప్రయత్నాలు 2019 నుంచి ముసాయిదాల దశలోనే నడుస్తున్నాయి. 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ మరో ముసాయిదాను ప్రజల ముందుంచింది. ఆ బిల్లు సభకు వచ్చిన రోజున కరీంనగర్, నిజామాబాద్, రాజంపేట, శ్రీకాకుళం ఎంపీలు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇందులో తిరిగొచ్చిన మనిషి ఆరోగ్యానికి ఏ శాఖ బాధ్యత వహిస్తుంది?

ఇప్పటికి ఆ ప్రశ్నకు జవాబు లేదు. విదేశాంగ శాఖకు అతను పాస్‌పోర్టు సంఖ్య, ఆరోగ్య శాఖకు మామూలు రోగి, రాష్ట్రానికి చనిపోయాక ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు. గల్ఫ్‌లో మరణించిన వారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో తీసుకున్న నిర్ణయం ఎన్నో ఇళ్లకు ఆసరా అయింది, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే చావుకు వెల కట్టగలిగిన ప్రభుత్వం ఆ చావుకు కారణం ఏమిటని కూడా అడగగలగాలి. ప్రతి దరఖాస్తు వెంట ఒక మరణ ధ్రువపత్రం ఉంటుంది. వాటిలో ఎన్నింటి మీద 'సహజం' అని రాసి ఉందో, ఆ పేర్ల పక్కన వయసు ఎంత ఉందో, ఏ దేశంలో ఏ నెలలో పోయారో లెక్కగట్టి సభలో పెట్టడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. ఆ కాగితాలు ఇప్పటికే జిల్లా కలెక్టర్ల కార్యాలయాలలో ఉన్నాయి.